రైల్వే వాళ్ల అవార్డులు, పతకాలు: మీ ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: మా మామ బిట్రగుంట వైపు కీమ్యాన్, రోజూ లైన్ వెంట నడిచి పట్టాలు చూసుకునే పని. మొన్న చలికాలంలో తెల్లారగట్ల పట్టా విరిగింది చూసి బండి ఆపించాడు. విజయవాడకి పిలిచి డివిజన్ పెద్దాఫీసరు డీఆర్ఎం గారు సర్టిఫికెట్టు, కొంచెం డబ్బు ఇచ్చారు. ఇంట్లో వాళ్లేమో ఇదేం అవార్డు, కాగితం ముక్కే గదా అంటుండారు. నిజంగా దీనికి విలువ లేదా? ఢిల్లీలో ఇచ్చేది ఏంది, అదెట్లా వస్తుంది?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ముందు మీ మామకి నా దండాలు చెప్పమ్మా. కాగితం ముక్క అన్నవాళ్లకి ఆ పని ఏందో చెప్పు. చలికి ఇనుము కుంచించుకుంటది, అందుకే వెల్డింగు దగ్గరో ఎక్కడో బలం లేనిచోట పట్టా విరగడం చలికాలం తెల్లవారుజామునే ఎక్కువ. అది కంటపడగానే కీమ్యాన్ ఎర్రజెండా, పటాసులు పట్టుకుని బండి వచ్చే వైపు పరిగెత్తాలి, విరిగినచోటికి 600 మీటర్ల దూరంలో పట్టా మీద ఒక పటాసు, ఇంకా ముందుకు పోయి 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి, ఇంజను చక్రం వాటి మీదికి ఎక్కితే ఢాం అని పేలతాయి, డ్రైవరు బ్రేకు వేస్తాడు. కంకర మీద, చీకట్లో, కిలోమీటరు పైన పరుగు అది! మద్రాసు పోయే బళ్లు ఎన్ని ఆ లైన్లో పోతాయో కావలి వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇక అవార్డుల సంగతి. డివిజన్లో డీఆర్ఎం ఇచ్చేది ఒకటి, కొన్ని డివిజన్లు కలిసిన జోన్‌కి పెద్ద అయిన జీఎం ఇచ్చేది దానిపైన, అన్నిటికంటే పైన రైల్వే మంత్రి చేతుల మీద ఇచ్చే అతి విశిష్ట్ రైల్ సేవా పురస్కార్. 2024 డిసెంబరు 21న ఢిల్లీ భారత్ మండపంలో దేశం మొత్తమ్మీద 101 మందికి ఇచ్చారు. పన్నెండు లక్షల మందికి పైగా పనిచేసే చోట 101 అంటే ఎంత తక్కువో చూడండి. పేరు కిందినుంచే పైకి పోవాలి, సూపర్వైజరు రాయకపోతే ఎంత పెద్ద పని చేసినా ఫైల్లోకే ఎక్కదు. నన్నడిగితే లైన్ మీద నడిచేవాళ్ల పేర్లు ఇంకా చాలా పోవాలి. ఆ సర్టిఫికెట్టు నకలు సర్వీసు రికార్డులో చేరిందో లేదో మాత్రం మామని తప్పకుండా కనుక్కోమనండి.

ప్రశ్న: కదిలే బండి ఎక్కబోయి జారిన ఆయన్ని ఇక్కడ పాయింట్స్‌మ్యాన్ (స్టేషన్లో బళ్లకి పట్టాలు మార్చే ఉద్యోగి) లాగేశాడు, మేమంతా చూశాం. జీవన్ రక్షా పతకం రైల్వే వాళ్లకి ఇస్తారా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఇస్తారండి. ఎదుటివాళ్ల ప్రాణం కాపాడినవాళ్లకి ఇచ్చేందుకు 1961లో మొదలైన పతకాలివి, సర్వోత్తమ్, ఉత్తమ్, మామూలు జీవన్ రక్షా అని మూడు రకాలు, డబ్బు వరసగా 2 లక్షలు, లక్షన్నర, లక్ష. డ్యూటీలో చేసిన పనికైతే సైన్యం, పోలీసు, ఫైర్ వాళ్లకి ఇవి వర్తించవు గానీ పాయింట్స్‌మ్యాన్‌కి ఆ అడ్డు లేదు. సిఫార్సు మాత్రం రాష్ట్ర ప్రభుత్వం నుంచో కేంద్ర శాఖ నుంచో పోవాలి, అదీ దాదాపు రెండేళ్ల లోపే, ఆలస్యమైతే పోయినట్టే. కాబట్టి చూసినవాళ్లు ఇప్పుడే తేదీ, టైము, బండి నంబరు వేసి సంతకాలతో స్టేషన్ మేనేజరుకి ఇవ్వండి, సీసీటీవీ రికార్డు చెరిగిపోకముందే దాచిపెట్టమని కూడా అందులోనే రాయండి. 2021 ఏప్రిల్లో ముంబై దగ్గర వాంగణీ స్టేషన్లో మయూర్ షెల్కే అనే పాయింట్స్‌మ్యాన్, చూపులేని తల్లి చెయ్యి జారి పట్టాల మీద పడ్డ పిల్లాడి కోసం ఎదురుగా బండి వస్తుంటే పరిగెత్తాడు గదా, ఆ వీడియో ఉండబట్టే దేశమంతా చూసింది. రైల్వే ఆయనకి 50,000 ఇస్తే అందులో సగం ఆ పిల్లాడికే ఇస్తానన్నాడు, ఎంత మంచి మనిషి!

ప్రశ్న: రష్యాలో రైల్వే వాళ్లు చొక్కాకి బ్యాడ్జీలు పెట్టుకునేవాళ్లంట, నిజమేనా?
– ఒక విద్యార్థి, నెల్లూరు

జవాబు: నిజమే బాబూ. గౌరవ రైల్వే కార్మికుడు అనే బ్యాడ్జీ సోవియట్ వాళ్లు 1934లోనే పెట్టారు. రైల్వే వాళ్లకని ఒక పండగ రోజు కూడా ఉంది, ఇప్పటికీ ఆగస్టు మొదటి ఆదివారం చేస్తారు. యుద్ధం నడుస్తుండగా 1943 నవంబరు 5న ఒక్కసారే 127 మంది రైల్వే వాళ్లకి సోషలిస్టు శ్రమ వీరులు అని బిరుదు ఇచ్చారు, అది దేశంలో పనిచేసేవాళ్లకి ఇచ్చే అతిపెద్ద గౌరవం. వాళ్లలో యెలేనా చుఖ్న్యూక్ అనే ఆవిడ ఆవిరింజను డ్రైవరు, బాంబులు పడుతుంటే స్టాలిన్‌గ్రాడ్ వైపు బళ్లు నడిపింది.