ల్యాబ్ పిల్లకి ప్యాకెట్ ఫుడ్డా, పెరుగన్నమా?

మూడు నెలల ల్యాబ్రడార్ పిల్లని తెచ్చుకున్నామని, డాక్టరుగారు ప్యాకెట్ ఫుడ్ పెట్టమంటుంటే ఇంట్లో పెద్దవాళ్లు "కుక్కకి సంచుల్లో తిండేమిటి, పెరుగన్నం చాలదా" అంటున్నారని, ఎవరి మాట వినాలో చెప్పమని అడిగారు. పిల్లగా ఉన్నంతకాలం డాక్టరు మాటే వినండి. ఎదిగాక కొంత మీ పెద్దవాళ్ల మాట కూడా వినొచ్చు. జవాబు ఇంతే. కానీ గుంటూరులో, ఉమ్మడి కుటుంబంలో ల్యాబ్‌ని పెంచుతున్నదాన్ని కాబట్టి మీరు అడగని సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. గిన్నెలో ఏం వేస్తున్నారన్న దానికంటే, మీ ఇంట్లో దానికి తిండి పెట్టే చేతులు ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టుకోండి.

మాది బ్రాడీపేటలో పాత డాబా ఇల్లు. అత్తగారు, మామగారు, మావారు, ఇద్దరు పిల్లలు, పైవాటాలో అద్దెకుండేవాళ్లు. మా లక్కీకి రెండు పూటలా నేనే తూకం మిషన్ మీద తూచి పెట్టేదాన్ని. అయినా ఒళ్లు చేస్తూనే పోయింది. పైనుంచి చూస్తే పీటకి నాలుగు కాళ్లు పెట్టినట్టు ఉండేది. ఆసుపత్రిలో బరువు చూస్తే 41 కిలోలు. ఆడ ల్యాబ్‌కి ముప్ఫై చుట్టుపక్కల ఉండాలి. డాక్టరుగారు పక్కటెముకలు తడిమి "ఎక్కడమ్మా ఇవి?" అన్నారు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాం, నార్మల్. "ఇంట్లో ఇంకెవరైనా పెడుతున్నారా?" అని అడిగితే మా మామగారు ముందుకొచ్చి, "అబ్బే, మా కోడలు ఎవర్నీ పెట్టనివ్వదండీ" అన్నారు. ఆయన చొక్కా జేబులోంచి మారీ బిస్కెట్ల ప్యాకెట్ అంచు కనబడుతోంది. లక్కీ కళ్లు డాక్టరు మీద లేవు, నా మీద లేవు, ఆ జేబు మీదే ఉన్నాయి.

మావారిది ఆడిట్ ఆఫీసులో పని. ఇంటికి రాగానే పాత డైరీ ఒకటి తీసి, దాని గిన్నె పైన మేకుకి తగిలించి, పురికొసతో పెన్ను కట్టారు. ఎవరు ఏం పెట్టినా రాయాలి, రాసినందుకు ఎవరూ ఎవర్నీ ఏమీ అనకూడదు అని షరతు.

మర్నాడు రాత్రి ఆ పేజీ చూడాలి మీరు. అత్తగారి రాత: "ఇడ్లీ సగం". దాని కింద, కాస్త చిన్న అక్షరాలతో: "మిగతా సగం కూడా". మామగారు: "మారీ బిస్కెట్లు 3, చిన్నవి". మారీ బిస్కెట్లలో చిన్నవీ పెద్దవీ ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. మా వాడు: "నాకు వద్దన్న ఉప్మా". పనికి వచ్చే ఆవిడ మా పాప చేత రాయించింది, పాలగిన్నె కడిగే ముందు అడుగున ఉన్న మీగడ అంతా దానిదేనట. ఇస్త్రీ బండి అతను రాయలేదు గానీ అడిగితే దాచలేదు, సాయంత్రం టీలోకి కొనుక్కునే బన్నులో సగం లక్కీ వాటా. పైవాటా అమ్మాయి మెట్ల మీంచి తొంగిచూసి "ఆంటీ, మేం కూడా రాయాలా?" అంది. ఆదివారాలు బిర్యానీ ఎముకలు వాళ్ల ఖాతా.

మావారు కాలిక్యులేటర్ పట్టుకున్నారు. ముప్ఫై కిలోల ల్యాబ్‌కి రోజుకి సుమారు 1200 నుంచి 1400 కేలరీలు చాలు. ఆ ఎముకల్ని పక్కన పెట్టి మిగతావి కూడినా అందులో మూడో వంతు నేను కాక మిగతావాళ్ల చేతుల మీదుగానే వెళ్లిపోతోంది. చిరుతిళ్లన్నీ కలిపి పదో వంతు దాటకూడదని పశువైద్యులు చెప్పే లెక్క. అంటే రోజంతా కలిపి రెండు మూడు ఇడ్లీలు, అంతే. నేను గ్రాముల్లో తూచి పెడుతున్నది ఎవరి కోసమో మరి.

చివరికి కుదిరిన పద్ధతి ఇది. పొద్దున్నే రోజు మొత్తం తిండీ తూచి, కొంత తీసి ఒక డబ్బాలో పోసి వరండాలో పెడతాను. ఎవరికి ప్రేమ పొంగినా ఆ డబ్బాలోంచే పెట్టాలి, అది ఖాళీ అయితే రేపటిదాకా ఆగాలి. మామగారి జేబులో ఇప్పుడు బిస్కెట్లకి బదులు ఆ గింజలే ఉంటున్నాయి. లక్కీ తోక ఊపడంలో తేడా ఏమీ లేదు. 31 కిలోలకి దిగడానికి ఏడాది పైనే పట్టింది.

"పాపం, ఆకలేస్తోంది చూడు, ఎలా చూస్తోందో" అనే మాట మీ ఇంట్లోనూ రోజూ వినబడుతుంది. ల్యాబ్ అలాగే చూస్తుంది. నాలుగో వంతు ల్యాబ్‌లలో పి.ఓ.ఎం.సి. అనే జన్యువులో ఒక ముక్క ఉండదని, వాటికి తిండి యావ ఎక్కువని 2016లో కేంబ్రిడ్జి వాళ్లు తేల్చారు. కడుపు నిండినా అదే చూపు. తిండి తగ్గిస్తే నీరసించిపోతుందని భయపడే వాళ్లకి ఇంకో సంగతి. అమెరికాలో 48 ల్యాబ్‌లని పిల్లప్పటి నుంచి చివరిదాకా గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. ఒక ఈత పిల్లల్నే జతలుగా విడదీసి, ఒకదానికి రెండోదానికంటే పాతిక శాతం తక్కువ పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. ఈ ముక్క నేను మా అత్తగారికి చదివి వినిపించాను. "ఆ కుక్కలకి ఇడ్లీ రుచి తెలియదులే" అన్నారావిడ.

సరే, మీ పిల్ల దగ్గరికి వద్దాం. సంచీ మీద పెద్ద జాతి పిల్లలకి అని రాసి ఉన్నదే కొనండి, కంపెనీ ఏదైనా సరే. పెరుగన్నంతో పెరిగే పిల్లకి మాంసకృత్తులూ చాలవు, కాల్షియమూ చాలదు. అలాగని ప్యాకెట్ ఫుడ్ మీద కాల్షియం సిరప్ కూడా పోయకండి. మన దగ్గర ఇదొక జాడ్యం. పిల్లని కొన్న రోజే షాపులో ఆ సీసా చేతిలో పెడతారు. ఆ వయసులో ఒంటికి ఎక్కువైన కాల్షియాన్ని వద్దనుకునే శక్తి ఉండదు, ల్యాబ్ లాంటి పెద్ద జాతుల్లో ఎముకలు వంకర పోతాయి. డాక్టరు చూసి రాసిస్తే తప్ప ఆ సీసా మూత తీయొద్దు. పాలు కూడా ఆపండి, విరేచనాలు పట్టుకుంటే మీకే టెన్షన్.

ఇక "కుక్క మాంసాహారి, అన్నం పెడితే పాపం" అనే రీల్స్ పిచ్చి ఒకటి. తోడేళ్లకంటే కుక్కల్లో పిండి పదార్థాన్ని అరిగించే జన్యువు కాపీలు చాలా ఎక్కువని 2013లోనే స్వీడన్ శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో రాశారు. మనుషుల మధ్య వేల ఏళ్లు బతికిన జంతువు అన్నం అరిగించుకోదా? ధాన్యం లేదని చెప్పి రెట్టింపు ధరకి అమ్మే సంచులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాటికీ కుక్కల గుండె జబ్బుకీ సంబంధం ఉందేమోనని అమెరికాలో ఆహారాన్నీ మందుల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ 2018లో విచారణ కూడా మొదలుపెట్టింది, తేలలేదనుకోండి. మా లక్కీ ఇప్పుడు ముప్పావు వంతు ప్యాకెట్, పావు వంతు ఇంటి తిండి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, అన్నం, సొరకాయో క్యారెట్టో. ఎండాకాలం మధ్యాహ్నాలు గిన్నె ముట్టదు కాబట్టి తెల్లవారుజామునే ఒకసారి, పొద్దు గుంకాక ఒకసారి.

మన కూర మాత్రం కలపొద్దు. గుంటూరు కారం సంగతి సరే, అసలు ముప్పు ఉల్లి, వెల్లుల్లి. రెండూ కుక్కల ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి, ఉడికినా వేగినా ఆ గుణం పోదు. ఉల్లిపాయ లేని కూర మన ఇళ్లలో ఏది? చక్కెర పొంగలిలో కిస్‌మిస్ కూడా వద్దు, కిడ్నీలు పోతాయి. ఉడికిన ఎముక పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. పైవాటా అమ్మాయికి ఇది చెప్పడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది గానీ చెప్పేశాను.

మూడు నెలల పిల్లకి రోజుకి మూడుసార్లు పెట్టండి, ఆర్నెల్లు దాటాక రెండుసార్లు. తిండి మార్చాలంటే పాతదాంట్లో కొత్తది కలుపుతూ వారం రోజుల్లో మార్చండి. పక్కటెముకలు తడిమితే చేతికి తగలాలి, కంటికి కనబడకూడదు. పెరుగన్నం అంటున్న ఆ పెద్దాయన ఎవరో గానీ, తూచే పని ఆయనకే అప్పజెప్పండి. గిన్నె ఆయన చేతిలో ఉంటే జేబు అవసరం రాదు.