మీర్‌పూర్ నుంచి బ్రాడ్‌ఫర్డ్ దాకా

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి పాకిస్తానీయుల్లో ఎక్కువమంది మీర్‌పూర్ వారేనట. ఒక్క ప్రాంతం నుంచే అంతమంది ఎలా వెళ్లారండీ?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మీర్‌పూర్ పాకిస్తాన్ అధీనంలోని కశ్మీర్‌లో ఉంది. అక్కడివారు తొలుత బ్రిటిష్ ఆవిరి ఓడల్లో కొలిమికి బొగ్గు వేసే పనిలో చేరారు, వారిలో కొందరు ఆ దేశంలోనే దిగిపోయారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల్లో రాత్రి షిఫ్టులకు మనుషులు కావలసి రావడంతో, ముందు వెళ్లినవారు తమవాళ్లకు కబురు పెట్టారు. ఇంతలో జీలం నదిపై 1967లో పూర్తయిన మంగ్లా డ్యామ్ జలాశయంలో పాత మీర్‌పూర్ పట్టణమూ, చుట్టుపక్కల ఊళ్లూ మునిగి లక్ష మందికి పైగా నిర్వాసితులయ్యారు. పోలవరం ముంపు గ్రామాల వారి గోడు విన్న మనకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు. నీరు బాగా తగ్గినప్పుడు ఆ పాత ఊరి గుళ్లూ, దర్గాలూ ఇప్పటికీ బయటపడతాయి. నిర్వాసితుల్లో కొందరికి బ్రిటన్‌లో పనిచేయడానికి అనుమతులు దొరికాయి.

నాలుగేళ్లు సంపాదించుకుని తిరిగి వద్దామనుకున్నవారు సైతం, 1962 నాటి బ్రిటన్ చట్టం వలసపై ఆంక్షలు పెట్టడంతో, ఊరికి వెళితే మళ్లీ రానివ్వరేమోనన్న భయంతో భార్యాబిడ్డలను రప్పించుకుని స్థిరపడ్డారు. తరువాత మిల్లులు మూతపడినప్పుడు ఈ కుటుంబాలే తీవ్రంగా దెబ్బతిన్నాయి. 2021 జనాభా లెక్కల ప్రకారం బ్రాడ్‌ఫర్డ్‌లో దాదాపు ప్రతి నలుగురిలో ఒకరు పాకిస్తానీ మూలాలున్నవారే.