మరిది గారికి నిద్రమాత్ర వేసే ముందు

చెల్లాయీ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్న మరిది గారికి రెండు నెలలుగా రోజూ రాత్రి అల్‌ప్రాజోలం అనే మత్తు మాత్ర నిద్ర కోసం వేస్తున్నావని, అదీ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటున్నావని అన్నావు. ఆయన పడుకోకపోతే నీకూ కునుకుండదు, ఆ బాధ నాకు తెలుసు. కానీ ఇది చదివి ఇవాళే ఆ మాత్ర ఆపేయకు. రోజూ అలవాటైన మందు ఒక్కసారిగా మానేస్తే ఉన్న నిద్రా పోతుంది, గాభరా పుడుతుంది, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు గారే కొద్దికొద్దిగా తగ్గించాలి.

మా ఇంట్లో జరిగింది నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మీ బావగారికి కూడా ఇదే పార్కిన్సన్స్ వచ్చిన నాలుగో ఏడు, ఇలాగే షాపులో ఇచ్చిన నిద్రమాత్ర నేనే నా చేత్తో వేశాను. మూడో రాత్రి రెండు గంటలకి ఒంటేలుకి లేచి, బాత్రూమ్ గడప దగ్గర పడిపోయారు, మణికట్టు విరిగింది. తెల్లారాక అంతకన్నా భయం వేసింది, ఎప్పుడో పోయిన మా మామగారు అరుగు మీద కూర్చున్నారని, ఆయనకి కాఫీ ఇమ్మని నన్ను పిలిచారు. ఈ జబ్బులో అసలే అడుగు తడబడుతుంది, చాలామందికి లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది, దాని మీద ఆ మత్తు కూడా తోడైతే ఇంకేముంది?

కాకినాడలో న్యూరాలజిస్టు మమ్మల్ని అడిగిన మొదటి మాట, నిద్ర ఎందుకు పట్టట్లేదని. నా దగ్గర జవాబు లేదు. వారం రోజులు నోట్‌బుక్‌లో రాశాను, ఏ మందు ఎన్నింటికి, ఎన్నింటికి మెలకువ, అప్పుడు ఒళ్లెలా ఉంది అని. చూస్తే పార్కిన్సన్స్‌కి అసలు మందైన సిండోపా సాయంత్రం ఏడింటికి వేస్తే, దాని పనితనం అర్ధరాత్రి దాటేసరికి అయిపోయేది, ఒళ్లు కొయ్యబారి పక్కకి తిరగలేక మెలకువ వచ్చేది. తక్కువైంది నిద్రమాత్ర కాదు, అసలు మందే! పడుకునే ముందు నెమ్మదిగా పనిచేసే సిండోపా సీఆర్ రాశారు, ఈ జబ్బుకే ఇచ్చే, నిద్ర చెడగొట్టే అమాంటడిన్ అనే ఇంకో మందుని సాయంత్రం నుంచి పొద్దుటికి మార్చారు. సగం రాత్రులు అక్కడే బాగుపడ్డాయి.

ఇంకొకటి నేనే కనిపెట్టాను, నడుము కింద పాత పట్టుచీర అడ్డంగా పరిచాను, ఒళ్లు జారి తిరగడం తేలికైంది. దోమతెరలో కాళ్లు చిక్కుకుంటున్నాయని అది తీసేసి కిటికీలకి మెష్ కొట్టించాం. రాత్రి ఏడు తర్వాత నీళ్లు తగ్గించు, పగలు మాత్రం తగ్గించకు, మన కోనసీమ ఉక్కకి ఒళ్లు తట్టుకోలేదు. లేచేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టు.

కొబ్బరికాయలు ఎవరో దింపుకుపోతున్నారని మరిది గారు నిద్రలో అరిచి నిన్ను తన్నారన్నావే, అది వేరే సంగతి. కలలు కనే నిద్రలో ఒళ్లు కదలకుండా ఉండాలి, ఈ జబ్బులో ఆ కట్టు సడలుతుంది. దానికి మెలటోనిన్ (ఒంట్లో నిద్రకి పుట్టే హార్మోన్ మాత్ర) గానీ, అల్‌ప్రాజోలం జాతిదే అయిన క్లోనజెపామ్ కొద్ది మోతాదులో గానీ ఇస్తారు. క్లోనజెపామ్‌తో మళ్లీ తూలుడు, మగత ఉంటాయి కాబట్టి మీ బావగారికి ముందు 3 మిల్లీగ్రాముల మెలటోనిన్ ఇచ్చి చూశారు, అది సరిపోయింది. మరిది గారు గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు చేస్తారా? అది తప్పకుండా చెప్పు, అలాంటి వాళ్లకి మత్తు మందులు ఇంకా ప్రమాదం. మంచం పక్కన స్టూలు, గాజు జగ్గు తీసేయ్, కింద ఒక పరుపు పరుచు.

రాత్రి అరుస్తున్నారని ఎవరైనా హాలోపెరిడాల్ అనే మానసిక జబ్బుల మందు రాస్తే వద్దని గట్టిగా చెప్పు, అది ఈ జబ్బులో మెదడులో అసలే తగ్గిపోయే డోపమైన్‌ అనే పదార్థాన్ని అడ్డుకుని మనిషిని బిగదీసేస్తుంది. వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకి వాడే సిన్నరిజిన్ కూడా అంతే. జలుబుకని మగత వచ్చే మాత్రలు వేసినా మతి తప్పి మాట్లాడతారు, ఒంటేలు బిగుస్తుంది. ఈ పేర్లు చీటీ మీద రాసి మందుల డబ్బా మూతకి అంటించు.

ఈ రాత్రి నుంచే ఆ నోట్‌బుక్ మొదలుపెట్టు, అల్‌ప్రాజోలం ఎంత వేస్తున్నావో అందులో మొదటి లైన్లో రాయి, సిగ్గుపడి దాచకు. అపాయింట్‌మెంట్ మాత్రం రేపే తీసుకో, దొరికిన రోజు నాకు చెప్పు, నేనూ వస్తాను.

మీ అక్క