ఎనిమిదిమందికి ఒకే యాక్సెస్ ఫైలు

ప్రశ్న: మా ఆఫీసులో ఎనిమిదిమందిమి సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్న ఒకే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ (డేటాబేస్ ప్రోగ్రాం) ఫైలును తెరిచి పనిచేస్తాం. ఈమధ్య ఫారం తెరుచుకోవడానికే అర నిమిషం పడుతోంది. అప్పుడప్పుడు ‘అన్‌రికగ్నైజ్డ్ డేటాబేస్ ఫార్మాట్’ అని వచ్చి అందరి పనీ ఆగిపోతోంది. కాంపాక్ట్ అండ్ రిపేర్ (ఫైలును కుదించి బాగుచేసే సదుపాయం) చేస్తే కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదటికొస్తోంది. ఏం చేయాలి?

జవాబు: కాంపాక్ట్ అండ్ రిపేర్ పాడైన చోటును సరిచేస్తుందే గానీ, పాడయ్యే కారణం జోలికి పోదు. ఆ కారణం మీ మొదటి వాక్యంలోనే ఉంది: అందరూ ఒకే ఫైలును తెరవడం. యాక్సెస్ విషయంలో సర్వర్ చేసేది ఫైలును తన దగ్గర ఉంచుకోవడమే. వెతకడం, లెక్కకట్టడం, రాయడం అన్నీ ఎవరి కంప్యూటర్‌లో వాళ్లకే జరుగుతాయి. ఒకరు సేవ్ చేస్తుండగా నెట్‌వర్క్ తెగితే రాత సగంలో ఆగి, అందరి ఫైలూ దెబ్బతింటుంది.

కాబట్టి ఫైలును రెండుగా విడదీయండి. ముందు అందరిచేతా మూయించండి. పక్కనే ఉండే ‘.ఎల్‌ఏసీసీడీబీ’ లాక్ ఫైలు (ఎవరెవరు తెరిచారో నమోదు చేసేది) మాయం కాకపోతే ఎవరో ఇంకా తెరిచే ఉంచారని అనుమానించాలి. తర్వాత కాపీ తీసి భద్రపరచండి. ఈ ఒక్క మెట్టూ దాటేయకండి. ఆ పైన డేటాబేస్ టూల్స్‌లో ‘యాక్సెస్ డేటాబేస్’ బటన్ నొక్కితే డేటా ఉండే టేబుళ్లు బ్యాక్‌ఎండ్ అనే ఫైలులోకి వెళ్తాయి. ఫారాలు, క్వెరీలు (డేటాను వెతికి తీసేవి), రిపోర్టులు ఫ్రంట్‌ఎండ్ అనే ఫైలులో మిగులుతాయి. బ్యాక్‌ఎండ్ సర్వర్‌లో ఉంటుంది. ఫ్రంట్‌ఎండ్ కాపీ ఒక్కొక్కరి హార్డ్‌డిస్క్‌లో విడివిడిగా పెట్టాలి. దాన్ని కూడా షేర్డ్ ఫోల్డర్‌లోనే ఉంచి అందరూ తెరిస్తే విడదీసి లాభం లేదు. ఫోల్డర్‌లో ఫైళ్లు సృష్టించే, తొలగించే అనుమతి అందరికీ ఉండాలి. లేకపోతే లాక్ ఫైలు సరిగా ఏర్పడదు.

విడదీశాక కూడా నెమ్మదిగా ఉంటే, లాక్ ఫైలు మాటిమాటికీ పుట్టి పోతుండటం ఒక కారణం. దాన్ని ఆపడానికి, బ్యాక్‌ఎండ్‌లోని చిన్న టేబుల్‌కు కట్టిన ఫారం ఒకటి ప్రోగ్రాం మొదలవగానే కనపడకుండా తెరుచుకుని, చివరిదాకా ఉండేలా చేయండి. బ్యాక్‌ఎండ్‌లో ప్రతి టేబుల్‌కూ ‘సబ్‌డేటాషీట్ నేమ్’ (అనుబంధ టేబుల్‌ను లోపలే చూపే సెట్టింగ్)ను ఆటో నుంచి నన్‌కు మార్చండి. ‘నేమ్ ఆటోకరెక్ట్’ (పేరు మారిస్తే మిగతాచోట్లా దిద్దే సెట్టింగ్) ఆపండి. టేబుళ్లను కలిపే ఫీల్డులకూ, తరచూ వెతికే ఫీల్డులకూ ఇండెక్స్ (పుస్తకం చివరి పదసూచిక లాంటిది) ఉండాలి. అది లేకపోతే ఒక్క రికార్డు కోసం టేబుల్ మొత్తం కేబుల్ మీదుగా వచ్చిపడుతుంది. అలాగని అన్నిటికీ పెడితే రాయడం నెమ్మదిస్తుంది.

వైఫై మీద పనిచేసేవాళ్లను కేబుల్‌కు మార్చండి. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా చూడండి. వన్‌డ్రైవ్ లాంటి సింక్ ఫోల్డర్‌లో బ్యాక్‌ఎండ్ పెట్టకండి.

ప్రశ్న: ‘కాంపాక్ట్ ఆన్ క్లోజ్’ పెట్టుకుంటే సరిపోతుందా?

జవాబు: విడదీసిన డేటాబేస్‌లో అది ఫ్రంట్‌ఎండ్‌నే కుదిస్తుంది, డేటాను ముట్టుకోదు. బ్యాక్‌ఎండ్‌ను అందరూ మూసిన వేళ మీ డిస్క్‌లోకి కాపీ చేసుకుని, అక్కడ కాంపాక్ట్ చేసి, తిరిగి పెట్టండి; నెట్‌వర్క్ మీదుగా చేస్తే మధ్యలో తెగే ప్రమాదముంది. ఫైలు పరిమితి 2 జీబీ, దాని దరిదాపులకు రానివ్వకండి. రిపేర్ విఫలమైతే కొత్త ఖాళీ డేటాబేస్‌లోకి టేబుళ్లను ఒక్కొక్కటిగా ఇంపోర్ట్ చేయండి. ఎక్కడ ఆగితే ఆ టేబుల్‌లో పాడైన రికార్డుకు ముందున్నవి, వెనకున్నవి అపెండ్ క్వెరీలతో (రికార్డులను వేరే టేబుల్‌లో చేర్చేవి) విడిగా లాగండి. చాలాసార్లు దెబ్బతినేది పొడుగు రాతలు ఉండే లాంగ్ టెక్స్ట్ ఫీల్డే. దాన్ని వదిలేసి మిగతా ఫీల్డులు తెస్తే ఆ రికార్డు కూడా దక్కవచ్చు.