రన్నింగ్ షూస్‌తోనే టెన్నిస్ ఆడొచ్చా? ఆడవాళ్ల టెన్నిస్ షూస్‌లో అంత తేడా ఏముంది?

ఆడొద్దండి. రన్నింగ్ షూ ముందుకు పరిగెత్తడానికి చేసింది, టెన్నిస్‌లో పక్కలకి కదలడమే ఎక్కువ. ఎత్తుగా, మెత్తగా ఉన్న మడమ మీద పక్కకి పరిగెత్తి ఠక్కున ఆగితే చీలమండ మడతపడుతుంది. చెన్నైలో నాకు అలాగే బెణికి మూడు వారాలు కోర్టు మొహం చూడలేదు.

టెన్నిస్ షూ మొదట్లో బిరుసుగా, బరువుగా అనిపిస్తుంది. కానీ పాదం నేలకి దగ్గరగా, నిలకడగా ఉంటుంది. మీరు ఆడేది హార్డ్ కోర్టు (సిమెంటు లాంటి గట్టి నేల) మీదైతే అడుగున గట్టి రబ్బరు ఉన్నదే తీసుకోండి. సర్వ్‌లో కాలు ఈడ్చే అలవాటుంటే ముందు అరిగేది బొటనవేలి దగ్గరే.

ఆడవాళ్ల మోడల్స్‌లో మడమ భాగం సాధారణంగా సన్నగా ఉంటుంది. మగవాళ్ల జత వేసుకుంటే చాలామందికి మడమ లోపల జారి బొబ్బలొస్తాయి. కొనేటప్పుడు సాయంత్రం పూట వెళ్లి, ఆడేటప్పుడు వేసుకునే సాక్సులతోనే చూడండి. ఎండకి సాయంత్రానికల్లా పాదాలు ఉబ్బుతాయి.