ఇంట్లో రికార్డ్ చేసుకునే బ్యాండ్ ఎదగాలంటే స్టూడియోకి మారాల్సిందేనా?

మీ ముగ్గురూ ఇంట్లోనే పాటలు రికార్డ్ చేస్తున్నామనీ, ఇక స్టూడియోకి మారక తప్పదేమో అనీ అడిగారు. వైజాగ్‌లో మాదీ ఇంటి బ్యాండే. మా అనుభవంతో చెప్పాలంటే డ్రమ్స్‌కి మాత్రం స్టూడియోకి వెళ్లండి. మిగతాదంతా ఇంట్లోనే ఉంచుకోండి.

2012లో గోపాలపట్నంలో మా మేడ మీద గదిలో మొదలుపెట్టాం. నలుగురం, ఒక పాత డెస్క్‌టాప్, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, ఒక హెడ్‌సెట్ మైకు. ఫ్యాన్ వేస్తే మైకులో హోరు, ఆపితే ఉక్కపోత. సింహాచలం స్టేషన్ దగ్గరే కాబట్టి గూడ్సు కూత వినబడితే బండి పోయేదాకా ఆగేవాళ్లం. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించాం. దయచేసి మీరు ఆ పని చేయకండి. అవి బయటి చప్పుడుని ఆపవు, గదిలో ప్రతిధ్వనిని కూడా పెద్దగా తగ్గించవు. మాకు పనికొచ్చినవి అమ్మ కుట్టిన పాత బొంతలు. మైకు పాడేవాళ్ల వైపు తిరిగి ఉంటుంది కదా, వాళ్ల వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దమే అందులో ఎక్కువ పడుతుంది. అందుకే బొంతలు పాడేవాళ్ల వెనక వేలాడదీయాలి. మేం మొదట మైకు వెనక కట్టి ఏడాది పోగొట్టుకున్నాం.

ఇంకో సంగతి. బేస్ గిటారులో ఒక్క స్వరం దగ్గర మాత్రం ఏదో జర్రుమని వినిపించేది. వైర్లు మార్చాం, తీగలు మార్చాం. ఒకరోజు మా బేసిస్టు అదే స్వరం వాయిస్తూ ఉంటే నేను ఒక్కో వస్తువు మీద చెయ్యి పెట్టుకుంటూ వెళ్లాను. స్టీలు బీరువా తలుపు మీద అరచెయ్యి ఆన్చగానే ఆగిపోయింది. ఆ స్వరానికి రేకు కూడా కంపిస్తోందన్నమాట. తలుపు సందులో అట్టముక్క పెడితే సరిపోయింది. అప్పటినుంచి కొత్త మైకు కొనే ముందు గదిని వినడం అలవాటైంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. కిటికీ ఊడి గదంతా నీళ్లు. డెస్క్‌టాప్‌తో పాటు తొమ్మిది పాటలు పోయాయి, ఇంకో కాపీ లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మీ ఫైళ్లు ఈరోజే రెండు చోట్ల దాచండి. కరెంటు లేని ఆ రాత్రుల్లో డాబా మీద ఒక గిటారు, రెండు గొంతులు, ఫోన్‌లో చార్జింగ్ ఉన్నంతసేపు రికార్డింగ్. అప్పటిదాకా ఇంగ్లీషులో రాసేవాళ్లం, ఖాళీ దొరికిన చోటల్లా ఏదో ఒక వాయిద్యం నింపేవాళ్లం. ఆ వారంలో మొదటిసారి ఇంట్లో మాట్లాడుకునే మాటలతో రాశాం. పక్కింటి మామ్మగారు పడిపోయిన కొబ్బరిచెట్టు చూసి అన్న 'ఏటి సేత్తాం' అన్న మాటే పల్లవి అయింది. మా బ్యాండ్ అసలు గొంతు అక్కడే దొరికిందని నా నమ్మకం.

2016లో రెండు మైకులు పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటరుకి కలిపే డబ్బా), చిన్న శబ్దాన్ని కూడా పట్టే ఒక కండెన్సర్ మైకు కొన్నాం. 2018లో ఒక స్టూడియోలో పాట మొత్తం చేశాం. వాళ్లు బాగా చేశారు. కానీ గంటల లెక్కన డబ్బు కడుతున్నామన్న టెన్షన్‌లో మూడో టేక్‌కే సరే అనేశాం. ఇంట్లో అయితే ముప్పయ్యో టేక్ దాకా పాడేవాళ్లం. డ్రమ్స్ మాత్రం అద్భుతంగా వచ్చాయి. పెద్ద గది, ఎక్కువ మైకులు ఉంటే వచ్చే నిండుదనం మన పడగ్గదిలో రాదు.

2020 లాక్‌డౌన్‌లో ఎవరింట్లో వాళ్లు రికార్డ్ చేసి ఫైళ్లు పంపుకున్నాం. బేస్ ట్రాక్ నెమ్మదిగా, శ్రుతి తగ్గి వినిపించింది. రెండు రోజులు ఒకరినొకరు అనుమానించుకున్నాం. చూస్తే మా బేసిస్టు 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల శబ్ద నమూనాలు తీసుకునేలా రికార్డ్ చేశాడు, మా ప్రాజెక్టు 44.1లో ఉంది, మార్చకుండా తెరిచాం. మీ ముగ్గురూ మొదటిరోజే రికార్డింగ్‌కి ఒకే అంకె అనుకోండి.

ఇప్పుడు డ్రమ్స్‌కి ఒకపూట స్టూడియో తీసుకుని, ఆ ట్రాకులు ఇంటికి తెచ్చుకుని బొంతల మధ్య మిగతా పాట కడుతున్నాం. మీ గది కొలతలు, పైకప్పు రేకో స్లాబో చెప్పండి, బొంతలు ఎక్కడ కట్టాలో రాస్తాను.