కళ్లజోడు షాపులో నంబరు రాసివ్వొచ్చా, కంటి డాక్టరే రాయాలా?

షాపులో కళ్లు చూసింది అర్హత ఉన్న ఆప్టోమెట్రిస్టు అయితే రాసివ్వొచ్చు, డాక్టరే అక్కర్లేదు. చూపు పరీక్షించి అద్దాలు, కాంటాక్ట్ లెన్సులు రాయడం వాళ్ల చదువులో భాగమే. 2021 నాటి కేంద్ర చట్టం ఆప్టోమెట్రీని ఆరోగ్య వృత్తిగా గుర్తించింది. శుక్లాల ఆపరేషన్ మాత్రం కంటి డాక్టరు పనే. ఫ్రేములో అద్దాలు బిగించే ఆప్టీషియన్ వేరు.

బెంగళూరు మారతహళ్లిలో మైనస్ 6 కళ్లజోడు వాడే మనవాళ్లెవరో అదే నంబరు లెన్సులు అడిగారనుకోండి. లెన్సు కంటి మీదే కూర్చుంటుంది కాబట్టి సుమారు మైనస్ 5.5 సరిపోతుంది. పైగా నల్లగుడ్డు వంపు కొలవాలి. కళ్లజోడు చీటీలో ఆ కొలత ఉండదు.

చాలామంది పొరబడేది 'కంప్యూటర్ టెస్టింగ్' దగ్గర. మెషీన్ ఇచ్చే చీటీ అంచనా మాత్రమే, అక్షరాలు చదివించి సరిచూశాకే అసలు నంబరు.